మతం గడిలో గీత

మా వీధి చివరనున్న చర్చిని అమ్మకానికి పెట్టారు. కొనబోయేవాళ్ళు దాన్ని ఫ్లాట్లు చేస్తారట. రంగు అద్దాల కిటికీలు మాత్రం పాతకాలపువి గనక వాటిని ముట్టుకోకూడదని షరతు. అంటే రేపు ఎవరి పడకగదిలోకో ఆ అద్దాల మీది సువార్తికులు నలుగురూ వేళాపాళా లేకుండా తొంగి చూస్తుంటారన్నమాట. ఈ వార్త హానోవర్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పడగానే ఏడుపు ముఖాలు వరస కట్టాయి. ఎంత అందమైన చర్చి అని ఒకరు, మా బాబు మొదటి పుట్టినరోజు ఫొటోలు అక్కడే తీశామని ఒకరు. మా ఆయన ఉండి ఉంటే, మీలో ఒక్కరైనా ఆదివారం పూట లోపలికెళ్ళి కూర్చున్నారా అని మొహమాటం లేకుండా అడిగేసేవాడు. ఆయన పోయి రెండేళ్ళయింది. ఆయన తరఫున అడగడానికి నాకు నోరు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే మేం ఈ దేశం వచ్చిన కొత్తల్లోకి వెళ్ళాలి.

పాతికేళ్ళ పిల్లలు రెండు సూట్‌కేసులతో వచ్చి రెండేళ్ళలో జర్మనులైపోయే దేశానికి మేం నలభై ఆరేళ్ళ మొగుడు, నలభై రెండేళ్ళ పెళ్ళాం, పదమూడేళ్ళ కూతురు, ఒక వెట్ గ్రైండరుతో వచ్చాం. హైదరాబాదులో మా ఆయన పనిచేసే విభాగాన్ని మూసేస్తే, కొడుకు వయసు కుర్రాళ్ళు ఇంటర్వ్యూలు చేసి 'మళ్ళీ చెబుతాం అంకుల్' అని పంపించారు. ఆ అంకుల్‌ని ఉద్యోగంలోకి తీసుకున్నది హానోవర్‌లో ఒక కంపెనీ. నేను జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పేదాన్ని. ఇక్కడ మళ్ళీ అక్షరాభ్యాసం చేశాను. బల్ల మగవాడు, తలుపు ఆడది, అమ్మాయి మాత్రం రెండూ కాదు అని చెప్పే భాష అది. ఇదేం భాష తల్లీ అని నెలరోజులు వెక్కిరించాను. మన భాషలో ఆవు వచ్చినా 'వచ్చింది', అత్తగారొచ్చినా చాటుగా 'వచ్చింది' అనే సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు. మధ్యవయసులో దేశం మారడమంటే కాపుకొచ్చిన చెట్టును పీకి కుండీలో నాటడం. చెట్టుకి ఏమవుతుందో బోటనీ పుస్తకాల్లో ఉంది, నేనే పిల్లలకి చెప్పాను కూడా.

మా ఆయనకి మాత్రం ఇది పరాయి దేశంలా అనిపించలేదు. మాది గుంటూరు జిల్లా, ముత్తాతల నాటి నుంచి లూథరన్ క్రైస్తవ కుటుంబాలు. మా అత్తగారింట్లో ఆదివారం అంటే తెల్లవారకముందే మసాలా నూరిన వాసన. పలావు దమ్ములో పెట్టి, పొయ్యి మీద నిప్పులు సర్ది, ఇంటిల్లిపాదీ చర్చికి బయల్దేరేవాళ్ళు. బీరువాలోంచి తీసిన తెల్లచీరలకి కలరా ఉండల వాసన, పిల్లల మెడలకి పౌడరు వాసన. మా మామగారు మిషన్ బడిలో పంతులు, సంఘపెద్ద. చెప్పులకి తనే నూనె రాసుకుని, మనవల గుప్పిట్లో తలా ఒక కానుక బిళ్ళ పెట్టి, దారిలో సోడా బండి దగ్గర పిల్లల గుప్పిళ్ళు ఖాళీ కాకుండా కాపలా కాస్తూ నడిచేవారు. ఆరాధన మూడు గంటలు. హార్మోనియం, తబలా, ఆపైన ప్రసంగం. పాస్టరు అయ్యగారు మూడోసారి 'చివరిగా' అన్నాక, ఆడవాళ్ళ వైపు నుంచి పలావు అడుగంటుతుందేమోనన్న గుసగుస మొదలయ్యేది. అలాంటి ఇంట్లో పుట్టినవాడికి లూథర్ పుట్టిన దేశంలో ఉద్యోగమంటే పుట్టింటికి పిలుపొచ్చినంత సంబరం.

అయితే మా వాళ్ళకి రెండు జీవితాలు. ఆదివారం క్రైస్తవులం, కాగితం మీద హిందువులం. మా ఆయన చర్చిలో సామ్యేలు, సర్టిఫికెట్లలో రామారావు. మతం మారితే కులం పోతుందని చట్టం నమ్మింది, కులంతోపాటు కాలేజీ సీటూ స్కాలర్‌షిప్పూ పోతాయని చెప్పింది. ఊరు మాత్రం అలాంటి సంగతేదీ నమ్మలేదు. సంఘపెద్ద అయిన మా మామగారికి కాఫీ హోటల్లో గ్లాసు చాలాకాలం విడిగానే ఉండేది. అందుకని మా ఇళ్ళలో ఒక మాట పుట్టింది. సర్టిఫికెట్ మీద ఏం రాసినా, పిల్లలు ఇదేంటని అడిగితే పెద్దవాళ్ళు 'కాగితమేగా' అనేవాళ్ళు. ఆ మాట మీదే మూడు తరాలు చదువుకున్నాయి.

మా ఆయన మాకంటే అయిదు నెలలు ముందొచ్చాడు. ఏ ఇంట్లో దిగినా నగర కార్యాలయానికి వెళ్ళి పేరు నమోదు చేసుకోవాలి, దాన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. అక్కడ కౌంటర్‌లోని అమ్మాయి పేరు, పుట్టిన ఊరు అడిగి, ఆ వరసలోనే మతం అడిగిందట. ముప్ఫై ఏళ్ళుగా సర్కారు కౌంటర్ల ముందు ఆ ప్రశ్నకి అబద్ధం చెప్పినవాడు. ఆమె తల కూడా ఎత్తలేదట. ఈయన గొంతు సవరించుకుని, 'లూథరన్' అన్నాడట. ఆమె రెండక్షరాలు కొట్టి తరవాతి ప్రశ్నకి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఫోన్ చేసి, "చెప్పేశానే. ఏం కాలేదు," అన్నాడు. ఆ గొంతు నాకిప్పటికీ గుర్తే. పదో తరగతి ఫలితం చెప్పే పిల్లాడి గొంతు అది.

అయింది. నెల తిరిగేసరికి జీతం చీటీలో చర్చి పన్ను అని ఒక కోత కనిపించింది. ఈ దేశంలో నువ్వు ఫలానా చర్చివాడినని కాగితం మీద ఒప్పుకుంటే జీతంలోంచి ఆ చర్చి వాటా సర్కారే పట్టుకుని అందజేస్తుంది. మా ఆయన అది చూపించి అడిగింది ఆఫీసులో శ్రీనివాస్‌ని. కరీంనగర్ మనిషి, అప్పటికి పదేళ్ళుగా ఇక్కడున్నవాడు, కొత్తగా వచ్చే తెలుగువాళ్ళందరికీ ఇల్లు దగ్గర నుంచి ఇంగువ దాకా ఎక్కడ దొరుకుతుందో చెప్పే పెద్దదిక్కు.

"అన్నా, గా మతం కాడ ఏం రాయొద్దని నీకు ఎవ్వలు జెప్పలేదా? డాష్ పెట్టాలె," అన్నాడట శ్రీనివాస్.

"నేను నిజంగానే లూథరన్‌ని కదయ్యా."

"నిజంతోని ఏం పని? నేను ప్రతి శనివారం ఎంకన్నకు దీపం పెడ్త. జర్మనీ కాగితం మీద నాకు దేవుడే లేడు. ఆయన ఏమన్న ఫీలయిండా?"

కాగితమే కదా అనడానికి క్రైస్తవుడే కానక్కర్లేదని మా ఆయనకి అప్పుడు తెలిసింది.

తరవాత నేనూ జెస్సీ వచ్చాం. మా ఆన్‌మెల్డుంగ్ రోజున మా ఆయనకి ఆఫీసులో మీటింగ్ ఉంటే శ్రీనివాసే కారులో తీసుకెళ్ళాడు. జెస్సీ బయట కుర్చీలో ఫోన్ చూసుకుంటోంది. మతం దగ్గరికి వచ్చేసరికి శ్రీనివాస్ నా చెవి దగ్గర వంగి, "అక్కా, డాష్," అన్నాడు. నేను తడుముకోలేదు. రేపు నాకూ ఉద్యోగం వస్తుంది, ఆయనకి పడిన కోత నాకెందుకు అనుకున్నాను. డాష్ అన్నాను. కూతురికేమిటి అని అడిగితే మాత్రం లూథరన్ అన్నాను. పిల్ల ఎలాగూ సంపాదించదు కాబట్టి పిల్లకి దేవుణ్ణి ఉంచాను. ఇంటికెళ్ళాక మా ఆయన, "అన్నీ సరిగ్గా చెప్పావా?" అని అడిగాడు. చెప్పానన్నాను. మా పెద్దవాళ్ళ 'కాగితమేగా' లెక్కన చూస్తే అబద్ధం కూడా కాదు.

మొదటి ఆదివారం ముగ్గురం ఈ వీధి చివరి చర్చికే వెళ్ళాం. నేను పట్టుచీర, మా ఆయన సూటు, జెస్సీ లంగావోణీ. లోపల పదకొండు మంది ముసలివాళ్ళు వానకోట్లు విప్పకుండా కూర్చుని ఉన్నారు. హీటింగ్ పొదుపు చేస్తున్నారని తలుపు దగ్గర దుప్పట్లు పెట్టారు, తలా ఒకటి తీసుకుని కాళ్ళ మీద కప్పుకోవాలి. ప్రసంగం పన్నెండు నిమిషాలు. మా ఆయన గుంటూరులో పాడినట్టు గొంతెత్తి పాడితే ముందు వరసలో ముసలావిడ వెనక్కి తిరిగి చూసింది. గంట కాకుండానే అందరూ చేతులు కలిపి, పల్చటి కాఫీ తాగి వెళ్ళిపోయారు. ఇక్కడ ఒక్క పూట పలావు కూడా అడుగంటదు అన్నాను దారిలో. మా ఆయన నవ్వలేదు. పుట్టింటికి వస్తే ఇల్లు తాళం వేసి ఉన్నట్టుంది ఆయన ముఖం. అయినా పై ఆదివారం వెళ్ళాడు, ఆ పై ఆదివారమూ వెళ్ళాడు. మూడో నెలకి ముందు వరస ముసలావిడ ఆయన కోసం తన పక్కన ఒక దుప్పటి మడిచి ఉంచడం మొదలుపెట్టింది.

నేను సతాయించడం మొదలుపెట్టింది అప్పుడే. కొత్త సంసారం, అన్నీ కొనుక్కోవాలి, పిల్లకి ట్యూషన్లు. చర్చి సభ్యత్వం వదులుకుంటున్నానని నగర కార్యాలయంలో ఒక సంతకం పెడితే చాలు, కోత ఆగిపోతుంది. ఆదివారం చర్చికి వెళ్ళొద్దని ఎవరూ అనరు, తలుపు దగ్గర రసీదు అడగరు. "దేవుడికి తెలియదా మనమేంటో? కాగితమేగా," అన్నాను. ఒకసారి కాదు, కూరలో ఉప్పు వేసినంత మామూలుగా రోజూ అన్నాను. శ్రీనివాస్ ఎదురుపడినప్పుడల్లా, "అన్నా, టెర్మిన్ దొరికిందా?" అని అడిగేవాడు. ఇక్కడ ఏ ఆఫీసులోనైనా టెర్మిన్, అంటే ముందుగా తీసుకున్న టైము, లేనిదే మనిషి మొహం చూడరు, దేవుణ్ణి వదలడానికి కూడా టెర్మిన్ కావాల్సిందే. చివరికి నేనే ఆన్‌లైన్‌లో వెతికి పట్టాను. నా గీత సంగతి మాత్రం చెప్పలేదు. చెబితే ఆయన ఇంకా మొండికేస్తాడని నాకు తెలుసు.

ఏడాదిన్నరలో జెస్సీ జర్మన్ గడగడా మాట్లాడేస్తోంది. మా ఇద్దరికీ ఇంకా బల్ల ఆడదో మగదో తేలలేదు. అందుకని దాన్ని బడి మానిపించి తోడు తీసుకెళ్ళాం. ఆఫీసులో నడివయసు ఆయన పాస్‌పోర్ట్ చూసి, ఒక కాగితం ముందుకు తోసి, చదివి సంతకం పెట్టమన్నాడు. ఎందుకు వదిలేస్తున్నావని అడుగుతాడేమో అని మా ఆయన రెండు రోజులు జవాబు బట్టీపట్టాడు. ఆ ఆఫీసాయన అడగలేదు.

"ఏం రాశాడో చదివి చెప్పమ్మా," అన్నాడు మా ఆయన.

జెస్సీ చదివింది. కాగితం బల్ల మీద పెట్టేసింది. తరవాత, "నేను చెప్పను డాడీ," అంది.

"అర్థం కాలేదా?"

"అర్థమైంది. 'నేను ఈ చర్చి మనిషిని కాదు' అని రాసుంది. దస్ స్టిమ్ట్ నిష్ట్. అది నిజం కాదు కదా."

"కాగితమేగా జెస్సీ, చదువు," అన్నాను నేను. వెనకాల వాళ్ళ టెర్మిన్‌కి టైమవుతోందని నా తొందర.

అది నా వైపు తిరిగి, "మమ్మీ, మీ ఇండియాలో కాగితం వేరు, మనం వేరు. ఇక్కడట్లా కాదు. ఇక్కడ ఏం రాస్తే అదే నిజం," అంది. 'మీ ఇండియా' అని అది అనడం నేను వినడం అదే మొదటిసారి.

మా ఆయన పెన్ను మూత తీశాడు. జెస్సీ వంక చూశాడు. మళ్ళీ మూత పెట్టేసి, తనకొచ్చిన జర్మన్‌లో ఆలోచించుకుంటానని చెప్పాడు. ఆలోచించుకుని మళ్ళీ టెర్మిన్ తీసుకోండి, ఆరు వారాలు పడుతుంది అన్నాడు ఆఫీసాయన. మేం లేస్తుంటే శుభదినం అని కూడా అన్నాడు.

ట్రామ్‌లో జెస్సీ దూరంగా వేరే సీటులో కూర్చుంది. నాకు ఒళ్ళు మండిపోతోంది. దాచుకున్న కోపాన్ని కక్కబోయేంతలో మా ఆయన, "పదో తరగతప్పుడు మా నాన్న నన్ను తాలూకాఫీసుకి తీసకబోయాడే," అన్నాడు. "కులం సర్టిఫికెట్‌కి. గుమాస్తా ఏం మతం అన్నాడు. మా నాన్న నా వంక చూశాడు. అంతకు ముందు ఆదివారమే సంఘం ముందు ప్రార్థన చేసిన మనిషి. నా వంకే చూస్తా, హిందూ అన్నాడు. బయటికొచ్చాక సోడా కొనిచ్చాడు. కాగితమేలేరా అన్నాడు. ఆ ఆదివారం కానుక పళ్ళెం మాత్రం పట్టలేదు. ఇంకొకరికిచ్చాడు. ఆ తర్వాత ఎప్పుడూ పట్టలా."

నేను దూరంగా కూర్చున్న జెస్సీ వైపు చూశాను.

"మా నాన్నకి వేరే దారి లేదు. నన్ను చదివించాల. నాకేం వచ్చిందే? ఆడ కూకున్నాయన నన్ను ఏం చేయగలడు? నాకెందుకు భయం?" అన్నాడు. "నా కూతురు నా వంక చూస్తంటే నేను సంతకం పెట్టలేనే."

ఆ తరవాత ఆయన ఆ మాట ఎత్తలేదు, నన్ను ఎత్తనివ్వలేదు. చనిపోయే దాకా ఆ పన్ను కట్టాడు. నేను మాత్రం చాలాకాలం దెప్పాను. మనింట్లో అన్నిటికన్నా ఖరీదైన వస్తువు మీ లూథర్ అనేదాన్ని. నాకూ ఒక బడి క్యాంటీన్‌లో పని దొరికింది. బోటనీ లెక్చరర్ని బంగాళదుంపలు ఉడకబెడుతూ, వాటి శాస్త్రీయ నామం నాకొక్కదానికే తెలుసని మురిసిపోయేదాన్ని. నా జీతంలో కోత లేదు. ఆదివారం మాత్రం ఆయన పక్కనే, ఆయన దుప్పట్లో సగం నా మోకాళ్ళ మీద వేసుకుని, ఒకే పాటల పుస్తకం ఇద్దరం పట్టుకుని కూర్చునేవాళ్ళం. జెస్సీ కన్ఫర్మేషన్, అంటే పిల్లల్ని సంఘంలో పెద్దవాళ్ళుగా చేర్చుకునే ఆరాధన, ఆ చర్చిలోనే జరిగింది. ఇప్పుడది గార్చింగ్‌లో పరిశోధన చేస్తోంది. ఫోన్‌లో నేను తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబిస్తుంది.

ఇప్పుడు ఈ దేశానికి వచ్చే మన పిల్లలకి శ్రీనివాస్ అవసరం లేదు. ఏ గడిలో ఏం నింపాలో వీడియోలున్నాయి. మతం దగ్గర డాష్ పెట్టమని పాస్‌పోర్ట్ నంబరు చెప్పినంత మామూలుగా చెబుతారు. దూరాన కాట్‌బస్‌లో చదువుకుంటూ రైలెక్కి వచ్చే పిల్లలు, హానోవర్ ఉద్యోగస్తులు కలిసి నెలకోసారి ఒక అద్దె హాల్లో తెలుగు ఆరాధన పెడతారు. డ్రమ్స్, కీబోర్డు, కళ్ళమ్మట నీళ్ళు, ఆ తరవాత బిర్యానీ. గుంటూరుకి ఏమాత్రం తీసిపోదు. మా మామగారి తరం చదువు కోసం, బతుకు కోసం, భయంతో దేవుణ్ణి దాచుకుంది. మాకు ఎవరి భయమూ లేదు. డిస్కౌంటు కోసం దాచుకున్నాం. దాచుకున్నవాళ్ళమే ఇప్పుడు చర్చి అమ్మేస్తున్నారని ఏడుపు ముఖాలు పెడుతున్నాం.

మా ఆయన పోయిన తరవాతి వసంతంలో మొదటిసారి ఇన్‌కమ్ టాక్స్ కాగితాలు నేను నింపాల్సి వచ్చింది. అన్నాళ్ళూ ఆ పని ఆయనదే. ఇద్దరికీ కలిపి ఒకే ఫారం, ఆయన నింపి తెచ్చేవాడు, నేను వంటగట్టు మీదే చేతులు తుడుచుకుని సంతకం గీకేసేదాన్ని. ఒక్కసారి కూడా చదివిన పాపాన పోలేదు. ఎలా నింపాలో చూద్దామని పాత ఫైళ్ళు దించాను. మొదటి పేజీలోనే భర్తకొక గడి, భార్యకొక గడి. మతం అన్నచోట ఆయన గడిలో లూథరన్ అనే రెండక్షరాలు. నా గడిలో, ఏ చర్చికీ చెందదు అనడానికి వాడే రెండక్షరాలు. ఆయన చేతిరాతే. అంతకు ముందు ఏడాది ఫైలు తీశాను. అదే. దానికి ముందుది తీశాను. మేం కలిపి దాఖలు చేసిన మొట్టమొదటి ఏడాది దాకా తీశాను. ఆ ఏడాదే ఆయన పెన్ను మూత పెట్టేసి వచ్చింది.

నాకు సిగ్గేసింది. దాన్ని ఇంకాస్త మర్యాదగా చెప్పే మాటేదీ దొరకలేదు. అన్నేళ్ళు నేను దెప్పుతుంటే ఆ మనిషి విన్నాడు, ఆదివారం దుప్పటిలో సగం నాకిచ్చాడు, పాట నంబరు వెతికి పుస్తకం నా వైపు జరిపాడు. నా గీత సంగతి ఎప్పుడైనా అడుగుతాడేమోనని నేను ఒక జవాబు తయారుగా పెట్టుకున్నాను. ఆయన ఒక్కసారి కూడా అడగలేదు.